శిశువునకు వ్రాయు మాట

గడచిన వేసవిలో మా సత్యవేడున పొరుగింటివారికి మూడవ సంతానము కలిగినది. ఆడుపిల్ల. ముందటి యిద్దఱును ఆడుపిల్లలే. ఈ వార్త తెచ్చినవారు గొంతు తగ్గించి చెప్పిరి. చావుకబురు చెప్పునపుడును మనవారు వాడు గొంతు అదియే.

బారసాలకు అంగడినుండి అచ్చుకార్డు తెత్తమని నేనంటిని. పదేండ్ల మా అమ్మాయి తానే చేయుదునని పట్టుపట్టినది. ఆలోచింపగా ఆమె పక్షమే మేలని తోచినది. 1843లో లండనున హెన్రీ కోల్ అను నాతడు క్రిస్మసు పండుగకు అందఱికిని జాబులు వ్రాయ తీరిక లేక, చిత్రకారునిచేత బొమ్మ వేయించి అచ్చొత్తించెను. అచ్చుకార్డు తీరిక లేనివాని కల్పన. నాకా వేసవి సెలవులు.

దళసరి కాగితములోని నారపోగులు ఒక దిక్కునకే ఎక్కువగా ఒదిగి యుండును. ఆ దిక్కున మడత నున్నగా వచ్చును. అడ్డముగా మడిచితిమా, అంచు పగులును. ఇరుప్రక్కల మెల్లగా వంచి చూచిన, సులువుగా లొంగినదే సరియైన దిక్కు. సిరా అయిపోయిన రీఫిలుతో గీత నొక్కి మా అమ్మాయి కాగితము మడిచినది. 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవుగల ఆ కాగితమును సగము చేసినను ఆకారము మాఱదు, కొలత మాత్రమే తగ్గును. ఈ నిష్పత్తిలోని గుణమును 1786లోనే లిఖ్టెన్‌బర్గ్ అను జర్మను పండితుడు ఒక జాబున వివరించెను. తల్లి పోలిక బిడ్డకు వచ్చినట్లున్నదని మా అమ్మాయి నవ్వి, పైపుటను చీర ఉయ్యాల బొమ్మ వేసినది.

లోపల వ్రాయు పని నాది. నేను గుండ్రని అక్షరములతో ఇట్లు వ్రాసితిని: “ఆడుపిల్ల యని చింతింపకుడు. లక్ష్మియే మీ యింట అడుగుపెట్టినది.”

ఆమె చదివి, “ఆ పాప పెద్దదై దీన్ని చదువుకుంటే ఏమనుకుంటాది నాయనా?” అని యడిగినది.

నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయినది. మగబిడ్డ పుట్టినయింట కుబేరుడు వచ్చెను, చింతింపకుడని యెవ్వరైన వ్రాయుదురా? ఓదార్పునకే కదా మనకు లక్ష్మి కావలసివచ్చినది! పున్నామ నరకమునుండి తరింపజేయువాడు పుత్రుడను వ్యుత్పత్తిని నేను తరగతిలో ఎన్నియేండ్లు చెప్పితినో! అపుడు ఆడుపిల్లల బల్లలవైపు ఒక్కనాడైనను చూచిన జ్ఞాపకము లేదు. 2011 జనగణనలో ఈ దేశమున ఆఱేండ్ల వయసు వఱకుగల బాలురు వేయిమందికి బాలికలు 919 మందియే. గర్భస్థశిశువు ఆడో మగో చెప్పుట నేరమని 1994లోనే చట్టము చేసిరి. నా వాక్యము ఏ చట్టమునకును అందునది కాదు.

అయితే ఆ తల్లి దుఃఖము అబద్ధమా? కాదు. మూడు కాన్పులకును ఆమె పడిన మాటలు మా గోడదాక వినబడినవి. ఆమెకు ఓదార్పు కావలసినదే. అది ప్రక్కన కూర్చుండి నోటితో చెప్పవలసినది, ఆమెను మాటలన్నవారికి మఱింత గట్టిగా చెప్పవలసినది. నోటిమాట ఆ పూటతో పోవును. కాగితముమీది మాట అట్లు కాదు. బిడ్డకు అక్షరములు వచ్చువఱకు పెట్టెలో కాచుకొని యుండును. బిడ్డ పేరిట ఇచ్చుచు, ఆమెవలన కలిగిన దుఃఖమునకు పెద్దలను పరామర్శించు కాగితమును నేను సిద్ధపఱచితిని.

మఱియొక కాగితము మడిచితిమి. ఈమాఱు మా అమ్మాయి చెప్పగా నేను వ్రాసితిని: “నీవు వచ్చినందుకు మాకు సంతోషము. చదువు వచ్చిననాడు దీనిని నీవే చదువుకొనుము.” మా ప్రాంతము మద్రాసు రాష్ట్రమునుండి 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశమున చేరినది, నేటికిని ఇండ్లలో రెండు భాషలు. పాప అమ్మమ్మకు అరవలిపియే తెలియును గనుక అదేమాట అరవమునను వ్రాసితిమి.

బారసాలనాడు ఆమె కండ్లద్దములు తెప్పించుకొని దానిని చదివినది. పేరంటాండ్రు వినలేదేమో యని మఱల చదివినది, గొంతు తగ్గింపలేదు.

మొదటి కాగితము నా సంస్కృత నిఘంటువులో నున్నది. పుత్ర శబ్దమున్న పుటలో గుర్తుగా పెట్టుకొంటిని.