విషం కలిపిన చేయి, కలిపించిన నోరు

ఈమధ్య ఒక ఆదివారం పూజ ముగిశాక గుడి వరండాలో మన యువకులు గట్టిగా వాదించుకుంటున్నారు. రష్యా గూఢచారి శాఖను విడిచి లండనులో తలదాచుకున్న లిత్వినెంకో అనే వ్యక్తి 2006లో విషప్రయోగానికి గురై మరణించాడు. చేయించింది ఆ దేశాధ్యక్షుడేనని కొందరు, అది శత్రువుల కట్టుకథ అని కొందరు. "మీరు చెప్పండి ఫాదర్" అన్నారు. ఆ పూట నవ్వి తప్పించుకున్నాను.

ఆ మరణంపై విచారణ జరిపిన న్యాయమూర్తి సర్ రాబర్ట్ ఓవెన్ 2016లో నివేదిక ఇచ్చారు. టీలో పొలోనియం కలిపినది ఫలానా ఇద్దరని నిశ్చయంగా చెప్పారు. అధ్యక్షుడు పుతిన్ ఆమోదం విషయానికి వచ్చేసరికి మాత్రం "బహుశా" అన్నారు. రష్యా అంతా అబద్ధమంది. ఆ "బహుశా" అన్న మాట మన వరండాలో ఎవరి నోటా వినబడలేదు.

ఇటువంటి చిక్కు మన దేశంలోనూ వచ్చింది. 1874 నవంబరు 9న బరోడాలో బ్రిటిషు రెసిడెంటు కర్నల్ ఫెయిర్ ఉదయపు నడక నుండి వచ్చి రోజూ తాగే పంపరపనస షర్బతు రెండు గుక్కలు తాగాడు. వికారం కలిగి మిగతాది పారబోశాడు. గ్లాసు అడుగున మడ్డి కనిపించింది. పరీక్షిస్తే అందులో పాషాణం, వజ్రాల పొడి ఉన్నాయన్నారు. బరోడా రాజు మల్హారరావు గైక్వాడుకు, ఈ రెసిడెంటుకు అసలే పడదు. రాజును ఖైదు చేసి, 1875లో ఆరుగురితో విచారణ సంఘం వేశారు.

సాక్షులు ఎవరు? రెసిడెన్సీ నౌకర్లు, రాజుగారి ఆంతరంగిక కార్యదర్శి. వీరిలో ముఖ్యులు క్షమాభిక్ష మాట పుచ్చుకుని నోరు విప్పినవారు. ఆరుగురూ విన్నది ఒకే సాక్ష్యం. ముగ్గురు ఆంగ్లేయులు రాజే చేయించాడన్నారు. గ్వాలియరు సింధియా, జయపురం మహారాజు, సర్ దినకరరావు రుజువు కాలేదన్నారు.

ఇది చదివినప్పుడల్లా నాకు మన సీమ గుర్తుకొస్తుంది. ఒక ఊళ్లో హత్య జరిగితే హంతకుడెవరో పోలీసులు రాకముందే రచ్చబండ మీద తేలిపోతుంది. చచ్చినవాడు ఏ వర్గమో తెలిస్తే చాలు. ఎదుటివాడి మీద మనకున్న ద్వేషం అనుమానాన్ని పుట్టిస్తుందని పునీత తోమాసు అక్వినాసు రాశారు. చెడ్డవాణ్ణి మంచివాడని తరచు పొరబడడం కన్నా, మంచివాణ్ణి ఒక్కసారి చెడ్డవాడనుకోవడం ఎక్కువ అన్యాయమని కూడా ఆయన వాదం. ఎనిమిదవ ఆజ్ఞ కోర్టు బోనులో నిలబడ్డవానికే అనుకుంటాం. టీ కొట్టు బెంచీకి కూడా వర్తిస్తుంది.

అయితే నాబోతు ద్రాక్షతోట మాటేమిటని ఒక కుర్రవాడు పట్టుకున్నాడు. మంచి ప్రశ్నే. రాళ్లు రువ్వింది ఊరివాళ్లు. దొంగసాక్షులను నిలబెట్టించింది యెసెబెలు. ఆహాబు రాజు చేసిందల్లా అలిగి పడుకోవడం, తర్వాత తోట కోసం బయలుదేరడం. అయినా ఏలీయా ప్రవక్త రాజునే హంతకుడన్నాడు. తన ముద్ర వేసిన ఉత్తరం ఎక్కడికి వెళ్లిందో అడగని రాజు, దానివల్ల వచ్చిన తోటను మాత్రం పుచ్చుకున్నాడు. అందువల్ల "నాకు తెలియదు" అనడం పాలకునికి ఎల్లవేళలా రక్షణ కాదు. కాని ఏలీయాకు ఆ సంగతి దేవుడు చెప్పాడు. మనకు చెప్పింది పేపరు.

బరోడాలో దొరతనం ఏం చేసింది? విషం సంగతి తేలలేదు కనుక, దుష్పరిపాలన చేశాడంటూ 1875 ఏప్రిల్లో రాజును దించేసింది. పాలన నిజంగానే చెడ్డది, రైతుల గోడు అబద్ధం కాదు. కాని ఒక నేరానికి విచారించి మరొక దానికి శిక్షించడం నాకు మింగుడుపడదు. పైగా ఫిర్యాదీ, దర్యాప్తు చేసినవాడు, తీర్పరి, ముగ్గురూ ఒకే దొరతనం. మల్హారరావును మద్రాసుకు పంపారు. మన రాయదుర్గం అప్పుడు ఆ రాజధాని కిందే, బళ్లారి జిల్లాలో ఉండేది. 1882లో ఆయన అక్కడే చనిపోయాడు.

"మీరైతే ఏ ముగ్గురి పక్కన కూర్చునేవారు ఫాదర్?" అని అడిగాడు ఆ కుర్రవాడు. విషం విషయంలో దినకరరావు పక్కన అన్నాను.

"అట్లయితే పెద్దోళ్లు ఎప్పుడూ తప్పించుకుంటానే ఉంటారు గదా?" అన్నాడు.

కాదనలేకపోయాను.