చూచిన కన్నులు

మన గ్రామములలో పెద్ద జబ్బు చేసినవారిని పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి తీసికొనిపోవుట అందరెరిగినదే. కంప్యూటరు కోర్సులకు వెళ్లిన మన పిల్లలు అమీర్‌పేట హాస్టళ్లలో ఉందురు. కావున ఆ రోడ్లమీద జరుగు సంగతి మనకు పరాయిది కాదు. 2018 సెప్టెంబరు 19న, అమీర్‌పేట తరువాత మూడవ మెట్రో స్టేషనైన ఎర్రగడ్డలో, కులాంతర వివాహము చేసికొన్న కుమార్తెమీదను అల్లునిమీదను ఒక తండ్రి పట్టపగలు నడిరోడ్డున కత్తి దూసెను. ఆపబోయినవానిమీదికిని కత్తి ఎత్తెను. తక్కినవారు చూచుచు నిలిచిరి. దేవుని కృపవలన ఆ బిడ్డ బ్రతికినది. వారము తిరుగగానే అత్తాపూరులో రోడ్డుమీద ఒక మనుష్యుని నరికి చంపుచుండగా, కొందరు సెల్‌ఫోనులలో వీడియో తీసిరి.

ఇట్లు నిలిచి చూచువారిని చట్టము శిక్షింపవలదా అని సంఘస్థులు మమ్మును అడిగిరి.

ఫ్రాన్సు దేశములో శిక్షింతురు. తనకుగాని పరులకుగాని అపాయము లేకుండ సహాయము చేయగలిగియు చేయనివానికి అచ్చట 5 సంవత్సరముల వరకు చెర. జర్మనీలో 1 సంవత్సరము వరకు. మన దేశములో అందరికిని వర్తించు అట్టి చట్టము లేదు. ప్రమాదము చేసిన బండి డ్రైవరు గాయపడినవానికి వైద్యము అందునట్లు చూడవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. పిల్లలపై జరిగిన లైంగిక దౌర్జన్యమును ఎరిగియు తెలుపనివానికి 2012 నాటి పోక్సో చట్టము శిక్ష విధించుచున్నది. దారిన పోవు వానిని మాత్రము అడుగువాడు లేడు.

మన ప్రభుత్వము వేరొక త్రోవ పట్టినది. సహాయము చేసినచో పోలీసు స్టేషను చుట్టును కోర్టు చుట్టును తిరుగవలసివచ్చునను భయముచేత జనులు తొలగిపోవుచుండిరి. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవానిని పేరు చెప్పుమని నిర్బంధింపరాదను నియమమునకు 2016 మార్చి 30న సుప్రీంకోర్టు బలమిచ్చెను. 2019లో మోటారు వాహనముల చట్టములో 134ఏ సెక్షను చేర్చిరి. అందులో అట్టివానికి పెట్టిన పేరేమో తెలియునా? గుడ్ సమారిటన్! లూకా సువార్త 10వ అధ్యాయములో మన ప్రభువు చెప్పిన ఆ సమరయుడే. పార్లమెంటు సమరయునికి కాపుదల ఇచ్చినదిగాని, యాజకునిగూర్చియు లేవీయునిగూర్చియు ఏమియు పలుకలేదు.

ఇది చాలునా? కత్తి పట్టినవాని ఎదుటికి పొమ్మని ఏ చట్టము ఆజ్ఞాపింపగలదు? ఇంట పసిబిడ్డలున్న తల్లిని అట్లు నిర్బంధించుట న్యాయము కాదు. మరియు అచ్చట నిలిచినవారందరు నేరస్థులైనచో, రేపు సాక్ష్యము చెప్పుటకు ఎవడు వచ్చును? నేనచ్చట లేనే లేనని ప్రతివాడును బొంకును.

అయితే ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము మమ్మును ఊరకుండనియ్యదు. ఎవరు చంపిరో తెలియని శవము పొలములో కనబడినయెడల, చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. మిక్కిలి దగ్గరనున్న ఊరి పెద్దలు వచ్చి చేతులు కడుగుకొని, తాము చంపలేదని మాత్రమే గాక, తాము చూడలేదనియు దేవునియెదుట చెప్పవలెను. చూచినవాడు ఆ మాట ఎట్లు చెప్పగలడు? వాని చేతులు శుభ్రముగానే యున్నవి, కన్నుల సంగతి ఏమి?

కాబట్టి మాకు తోచినదిది. మీదపడి అడ్డుకొనలేదని ఎవనిని శిక్షింపరాదు. 108కిగాని 112కిగాని ఫోను చేయుట అపాయము కాదు గదా. వీడియో తీసిన చేతిలోనే ఆ ఫోనున్నది. అంతమాత్రమును చేయనివానికి కొంత జరిమానా విధించిన తప్పులేదు. మా సహోదరులు కొందరు దీనికి ఒప్పుకొనరు. కోర్టులో దీనిని రుజువు చేయుటకు ఏండ్లు పట్టునందురు. అదియు నిజమే.

ఇట్లు వ్రాయుటకు మాకు సిగ్గుగానున్నది. ఒక సాయంకాలము పంజగుట్ట కూడలిలో మేమెక్కిన బస్సు ఆగియుండగా, స్కూటరుమీదనుండి పడిన యొకడు రోడ్డు ప్రక్కను తల పట్టుకొని కూర్చుండెను. వ్రేళ్ల సందులనుండి రక్తము కారుచుండెను. నిమ్స్ కూతవేటు దూరము. దిగుదమా అనుకొంటిమి, ప్రార్థన కూటమునకు ఆలస్యమగునని దిగలేదు. సిగ్నలు పడి బస్సు కదలుచుండగా, బత్తాయిలమ్ము ముసలమ్మ యొకతె తన చీర కొంగు చింపి అతని తలకు కట్టుచుండుట కిటికీలోనుండి కనబడినది. వెనుక ఆమె తోపుడు బండి, దానినిండ బత్తాయిలు, కావలి లేకుండ ఉండెను.