రాజుగారి బల్ల వద్ద చోటు



ఆదివారం దివ్యపూజలో వెనుక వరుసన, గోడకు ఆనుకొని కూర్చునే పెద్దాయనను మీరు చూసే ఉంటారు. అందరూ మోకరించినప్పుడు ఆయన మోకరించలేరు. "మిలిటరీలో చేసి వచ్చాడు" అని ఊరు చెప్పుకుంటుంది. ఆ కాలికి ఏమయిందో, ఆ చెవి ఎందుకు వినపడదో అడిగినవారు తక్కువ. సూర్యలంకలో వైమానిక దళ స్థావరం ఉన్నందున బాపట్లవారికి యూనిఫారం కొత్త కాదు. తెనాలి, రేపల్లె పక్క ఊళ్లనుండి కూడ బిడ్డలు సైన్యంలో చేరుతూనే ఉన్నారు. వారు వెళ్లేనాడు స్టేషనుకు పోయి సాగనంపుతాము. దెబ్బతిని తిరిగి వచ్చిన తర్వాత వారి గడప ఎంతమందిమి తొక్కుతున్నాము?

సమూవేలు రెండవ గ్రంథము తొమ్మిదవ అధ్యాయాన్ని ఈ వారం ఇంట్లో కలిసి చదవండి. సౌలు, యోనాతాను గిల్బోవ కొండమీద యుద్ధంలో కూలిపోయారు. ఆ వార్త విని దాది యోనాతాను కుమారుని ఎత్తుకొని పరుగెత్తింది. అయిదేండ్ల ఆ పసివాడు కిందపడి రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. అతడే మెఫీబోషెత్తు. ఏండ్లు గడిచాయి. దావీదు రాజయ్యాడు. అప్పుడు దావీదు మూడు పనులు చేశాడు. మొదట, సౌలు ఇంటివారిలో ఎవరైనా మిగిలి ఉన్నారా అని తానే అడిగాడు. రెండవది, ఎక్కడో లోదెబారులో తలదాచుకున్నవానిని మనుషులను పంపి పిలిపించాడు. మూడవది, తాత భూములన్నీ తిరిగి ఇచ్చి, ప్రతిదినం తన బల్లవద్ద భోజనం పెట్టించాడు.

గమనించండి, దావీదు ఇచ్చింది ధర్మం కాదు. యోనాతానుకు తాను ఇచ్చిన మాటను చెల్లించాడు, అంతే. బాకీ తీర్చేవాడు బాకీదారుని గుమ్మం ముందు నిలబెట్టడు. తానే వెదకి వెళతాడు.

మన దేశం కూడ తన సైనికులకు మాట ఇచ్చింది. సేవలో అంగవైకల్యం కలిగి, అది 20 శాతానికి తగ్గకుండా ఉండి, ఆ సేవవల్లనే కలిగిందని లేక ఎక్కువయిందని తేలితే వికలాంగ పెన్షను ఉంది. నూరుశాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం చొప్పున, తక్కువ వైకల్యానికి ఆ లెక్కన తగ్గించి, మామూలు పెన్షనుకు తోడుగా ఇస్తారు. యుద్ధంలో గాయపడినవారికి ఇంకా ఎక్కువ. వైద్యానికి 2003 ఏప్రిల్ 1న ఈసీహెచ్‌ఎస్ పథకం మొదలైంది. కార్డు ఉన్న మాజీ సైనికుడు, అతనిపై ఆధారపడినవారు పాలీక్లినిక్‌లో చూపించుకోవచ్చు. అక్కడినుండి పంపితే గుర్తింపు పొందిన ఆసుపత్రిలో డబ్బు కట్టకుండా వైద్యం పొందవచ్చు.

మాట మంచిదే. చెల్లింపులోనే చిక్కు ఉంది. జబ్బు సేవవల్ల వచ్చింది కాదని ఒక్క వాక్యం రాసి ఎందరినో పంపివేశారు. 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చేరేనాడు కాగితాలలో రాయని జబ్బు సేవవల్లనే వచ్చిందని భావించాలని, కాదని నిరూపించే భారం సైనికునిది కాదని తీర్పు చెప్పింది. 2023 సెప్టెంబరులో కొత్త నియమాలు వచ్చాయి. మాజీ సైనికులు చాలామంది వాటిపట్ల ఆందోళన తెలిపారు. కనుక ఎవరు ఏ తేదీన విడుదలయ్యారో చూసుకొని అడగాలి. కాదన్నప్పుడు అప్పీలు ఉంది, 2009 నుండి సైనిక దళాల ట్రిబ్యునల్ ఉంది. కాని కాలు లేని మనిషికి ఈ మెట్లన్నీ ఎవరు ఎక్కిస్తారు?

దూరం సంగతి చూడండి. పాలీక్లినిక్ గుంటూరులో ఉంది. రేపల్లెవారు రైలెక్కి తెనాలి మీదుగా పోవాలి. 2022లో బాపట్ల కొత్త జిల్లా అయింది గాని, ముసలి కాళ్లకు ఆ దారి తగ్గలేదు. వైద్యం దగ్గరకు రావాలనీ, ఆసుపత్రుల బిల్లులు సకాలంలో చెల్లించాలనీ, వైకల్యాన్ని అనుమానంతో గాక న్యాయంతో కొలవాలనీ పాలకులను అడగడం రాజకీయం కాదు. అది న్యాయం కోరడమే.

పునీత కమిల్లుస్‌ను జ్ఞాపకం చేసుకుందాము. ఆయన వెనీసు పక్షాన పోరాడిన సిపాయి. కాలిపుండు ఆయనను జీవితాంతం వదలలేదు. జూదంలో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. పుండుకు వైద్యం కోసం రోములోని ఆసుపత్రికి వెళ్లి, అక్కడ రోగులు పడుతున్న నిర్లక్ష్యాన్ని కళ్లారా చూశాడు. తల్లి బిడ్డను చూసినట్లు రోగిని చూడాలని ఒక సభనే స్థాపించాడు. ఈరోజు ఆయన రోగులకు, ఆసుపత్రులకు పాలక పునీతుడు. గాయపడిన సిపాయి లోకానికి సేవ నేర్పాడు. మన ఊరి సిపాయికి ఆ సేవ చేయడం మన వంతు.

ఏం చేయాలి అంటారా? మొదట, అడగండి. విచారణలో ఉన్న మాజీ సైనికులు, వారి విధవలు ఎవరెవరో విన్సెంట్ డి పాల్ సభవారు, యువతీయువకులు జాబితా రాయండి. రెండవది, వారి ఇంటికి వెళ్లండి. డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు కాగితాలు, పెన్షను ఆర్డరు ఉన్నాయో లేవో చూసి నకళ్లు తీయించండి. ఏటేటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వక పెన్షను ఆగిపోకుండా సెల్‌ఫోను తెలిసిన పిల్లలు సాయపడండి. మూడవది, వెంట నడవండి. గుంటూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఆయనను ఒంటరిగా పంపకండి. పక్కన ఒక మనిషి ఉంటే "రేపు రా" అనే మాట అంత తేలికగా రాదు.

1949 నుండి ప్రతి సంవత్సరం డిసెంబరు 7న సైనిక పతాక దినం జరుపుకొంటున్నాము. ఆరోజు హుండీలో నాణెం వేసి చిన్న జెండా చొక్కాకు తగిలించుకుంటాము. మంచిదే. అయితే దావీదు మెఫీబోషెత్తుకు జెండా పంపలేదు, కుర్చీ వేయించాడు.

వచ్చే ఆదివారం పూజ అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వెదుక్కుంటూ హడావుడిగా వెళ్లిపోకండి. వెనుక వరుసలోని పెద్దాయన దగ్గరకు వెళ్లి, "బాబాయిగారూ, మీ కాగితాలు ఒకసారి చూద్దామా?" అని అడగండి. దివ్యసత్ప్రసాద బల్లవద్ద మనందరికీ చోటిచ్చిన ప్రభువు, ఆ మాట తనతోనే అన్నట్లు వింటాడు.