పనిచోట విద్యార్థి

పని నేర్చుకొనుటకు వచ్చిన విద్యార్థిచేత పని చేయించుకొనుట న్యాయమా? చేయనిదే యేదియు చేతికి రాదు; చేయించినంత మాత్రమున నేర్పినట్లును కాదు. హైదరాబాదు పాతబస్తీలోని లాల్‌దర్వాజా వంటి పేటలకు ఈ చిక్కు క్రొత్తది కాదు. అచటికి అనతిదూరమున, చార్మినారు చెంత, లాడ్‌బజారు కలదు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన లక్క గాజులు ఆ బజారువే. లక్కను సెగపై కరగించి, సాగదీసి, వలయముగా వంచి, మెత్తగా నుండగనే రాళ్లు పొదుగవలెను. ఎంత వేడికి వంగునో, ఎప్పుడు విరుగునో పుస్తకము చెప్పజాలదు; వ్రేళ్లకే తెలియవలెను.

2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిది తరగతుల పిల్లలు పుస్తకాల సంచి లేక పది దినములు స్థానిక వృత్తికారులయొద్ద నేర్వవలెనన్నది. పై తరగతులవారికిని ఇట్టి యవకాశము లుండవచ్చునన్నది. మంచిదే. కాని 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము పదునాలుగేండ్లు దాటినవారిని సైతము ప్రమాదకరమైన పనులకు దూరముగా నుంచినది. కనుక చిన్నవారికి చూచుట, అడుగుట చాలును. నిప్పుల కుంపటి వారిది కాదు.

ఇక పెద్దవారి మాట. మొదటి దినము చాయ తెమ్మందురు. తెచ్చుట తప్పు కాదు. కడదాక అదియే యైనచో తప్పు. 12వ శతాబ్దిలో బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో పడవ నడపు చౌడయ్యయు, బట్టలుతుకు మాచయ్యయు వచనములు చెప్పిరి. కాయకమనగా చేతుల కదలిక మాత్రమే కాదు, చేసినదానిని గూర్చి యోచించి పలుకు నధికారము కూడ. విద్యార్థికి అది దక్కవలెనన్న, వాడు ఒక ప్రశ్నతో కార్ఖానాకు పోవలెను. సాయంకాలము ఏది చెడినది, ఎందుకు చెడినదని ఉపాధ్యాయుడు కూర్చుండి వినవలెను. సంతకము పెట్టి పోవు ఉపాధ్యాయుని వలన ప్రయోజనము లేదు.

గురువు పక్షము నెవరు తలతురు? జతల లెక్కన కూలి ముట్టు పనివానికి ప్రతి ప్రశ్నయు కొంత నష్టమే. ఉచితముగా నేర్పుమని యతనిని వేడుట ధర్మము పేర కూలి కోయుటయే యగును. దాసోహమనగా అన్నము పెట్టుట యొక్కటే యని తలచు మఠములు ఆ కోల్పోయిన గంటల వెల చెల్లించిన నెంత బాగుండును! విరిగిన గాజుల ఖరీదును పాఠశాలయే భరించునని ముందే చెప్పవలెను. లేనిచో యజమాని లక్కను ముట్టనీయడు. విద్యార్థియు భయపడి తానై ముట్టడు.