చిగురుకు కారణమేది?

చైత్ర శుద్ధ పాడ్యమినాడు తెలుగువారికి కొత్త సంవత్సరమూ వసంత ఋతువూ కలిసి మొదలవుతాయి. ఆ ఋతువును తెచ్చేది కాలమా, చెట్టా, చెట్టును పెంచే మనిషా అన్న ప్రశ్న వినడానికి చిన్నదిగా తోచినా, భారతీయ దర్శనాలు శతాబ్దాలపాటు వాదించిన కార్యకారణ విచారంలో అది ఒక భాగం. ఈ విచారానికి ఆధారాలు వెదకడానికి అడవికే పోనక్కరలేదు. హైదరాబాదు నడిబొడ్డున అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మీదుగా ఎర్రమంజిల్ దాకా సాగే మెట్రో మార్గానికి ఇరువైపులా, అపార్టుమెంట్ల ప్రహరీల పక్కన మిగిలిన వేపచెట్లూ, వీధుల్లోని కానుగలూ, మిద్దె మీది కుండీల్లో పెరిగే కరివేపాకూ మల్లెలూ ఏటా ఆ ఆధారాలను చూపుతూనే ఉంటాయి.

ముందుగా ఏ వసంతాన్ని గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. ఉత్తరాది శీతల దేశాల్లో వసంతం అంటే చలి విడుపు. ఆపిల్, చెర్రీ వంటి చెట్ల మొగ్గలు కొంత కాలం గట్టి చలిని అనుభవిస్తే తప్ప సరిగా విచ్చుకోవు. అందుకే జపాన్‌లోని క్యోటోలో 9వ శతాబ్దం నుంచి దొరుకుతున్న చెర్రీపూల తేదీలు ఆ దేశపు చలి చరిత్రను కూడా చెబుతాయి. షికాగో ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉగాది జరుపుకునే నాటికి వారి పెరటి చెట్లు చాలావరకు ఇంకా మోడులుగానే ఉంటాయి. దక్కనులో వరుస వేరు. ఇక్కడ వానలు అక్టోబరుతో దాదాపు ముగుస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నేల ఎండి ఎండ ముదురుతున్న వేళ వేప పాత ఆకును రాల్చి, ఆ వెంటనే రాగిరంగు లేతాకును తొడుగుతుంది. నీరు దొరికాక చిగిర్చడం సహజమని తోస్తుంది గాని, ఈ చెట్టు తొలకరికి రెండు మూడు నెలల ముందే, నీరు తక్కువగా ఉన్నప్పుడే చిగురిస్తుంది.

దీనికి వృక్షశాస్త్రం చెప్పే కారణం తత్త్వవిచారానికి కూడా పనికివస్తుంది. ఆకులున్నంతకాలం వాటి ద్వారా నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. అవి రాలగానే ఆ ఖర్చు తగ్గి, లోతు వేళ్లు తెచ్చిన తేమతో కాండం తిరిగి నిండి, మొగ్గ విచ్చుకోవడానికి కావలసిన ఒత్తిడి ఏర్పడుతుంది. పైగా రాలిపోయే ముందు ఆకులోని నత్రజని, భాస్వరం వంటి పోషకాలలో గణనీయమైన భాగాన్ని చెట్టు వెనక్కి తీసుకుని, తర్వాతనే తొడిమ మొదట్లో ఒక పొర కట్టి ఆకును విడిచిపెడుతుంది. డిసెంబరులో సుమారు 11 గంటలుగా ఉన్న హైదరాబాదు పగలు క్రమంగా పెరగడం కూడా చాలా చెట్లకు సూచనగా పనిచేస్తుంది. కాబట్టి ఆకు రాలడం చిగురుకు ముందు వచ్చే విషాద ఘట్టం కాదు, చిగురుకు అవసరమైన సన్నాహం.

ఇక కాలం సంగతి. 17వ శతాబ్దానికి చెందిన తెలుగువాడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో కాలాన్ని తొమ్మిది ద్రవ్యాలలో ఒకటిగా లెక్కించి, జరిగినది, జరుగుతున్నది, జరగబోయేది అన్న వ్యవహారానికి హేతువైన ఆ ద్రవ్యం ఒక్కటేననీ, సర్వవ్యాపకమనీ, నిత్యమనీ నిర్వచించాడు. న్యాయవైశేషికుల మతంలో కాలం పుట్టే ప్రతి వస్తువుకూ సాధారణ కారణం, అంటే అన్ని కార్యాలకూ సమానంగా వర్తించే కారణం. ఈ మాటలోనే ఒక పరిమితి కూడా ఉంది: అన్నిటికీ సమానమైనది కనుక, ఈ కొమ్మ ఎందుకు చిగిర్చింది, ఆ కొమ్మ ఎందుకు ఎండింది అన్న భేదాన్ని కాలం ఒక్కటే వివరించలేదు. 2021లో తెలంగాణ అంతటా డైబ్యాక్ అనే శిలీంద్రపు తెగులు సోకి వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోయినప్పుడు, వాటిపై నడిచిన కాలమూ పక్కనున్న కానుగపై నడిచిన కాలమూ ఒకటే.

పంచాంగం కూడా ఇదే తెలుపుతుంది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు, సౌర సంవత్సరం కన్నా 11 రోజులు తక్కువ. ఆ తేడాను సుమారు 32, 33 నెలలకొకసారి వచ్చే అధికమాసం సరిచేస్తుంది. అందువల్ల ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. తిథి ఇలా వారాల తేడాతో ముందుకూ వెనక్కూ జరుగుతున్నా వేపచెట్టు దానితోపాటు జరగదు. పండుగ తొందరగా వచ్చిన ఏడాది పచ్చడిలోకి వేపపువ్వు కోసం వెదుక్కోవలసి వస్తుంది. పంచాంగం వసంతానికి పేరూ ముహూర్తమూ ఇస్తుంది. పువ్వును మాత్రం చెట్టే ఇవ్వాలి.

అయితే ఆ చిగురు చెట్టులో ముందే ఉన్నదా, కొత్తగా పుట్టినదా? కార్యం తన కారణంలో అవ్యక్తంగా ముందే ఉంటుందని, లేనిది పుట్టదని సాంఖ్యులు వాదించారు. దీన్ని సత్కార్యవాదం అంటారు. పుట్టకముందు కార్యం లేదని, అది కొత్తగా ఆరంభమవుతుందని నైయాయికులు చెప్పారు, ఇది అసత్కార్యవాదం. రాలే ఆకు నుంచి వెనక్కి తీసుకున్న సారమే చిగురులో తేలడం సాంఖ్యుల పక్షాన నిలుస్తుంది. ఏ రెండు చిగుళ్లూ ఒక్కలా ఉండకపోవడం, నిరుటి ఆకు మళ్లీ రాకపోవడం నైయాయికుల పక్షాన నిలుస్తుంది. సంప్రదాయం నాగార్జునకొండతో ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమక కారికల 19వ ప్రకరణమైన కాలపరీక్షలో మరో అడుగు వేసి, వస్తువులను ఆశ్రయించి చెప్పుకునేదే కాలం తప్ప వస్తువులను విడిచి కాలమంటూ వేరే లేదని వాదించాడు. ఆ దృష్టిలో వసంతం వచ్చి చెట్టును తాకదు. చెట్టు చిగిర్చడాన్నే మనం వసంతం అంటున్నాము.

చెట్టుకు తోడు మనిషి చెయ్యి కూడా ఉన్నదని ఇంటి తోట చూపుతుంది. గుండుమల్లెను పెంచేవారు సంక్రాంతి దాటాక కొన్నాళ్లు నీరు తగ్గించి, ఆకు దూసి, కొమ్మల చివర్లు కత్తిరించి, ఆ తర్వాత మన్ను గుల్ల చేసి ఎరువు వేసి నీరు పోస్తారు; అప్పుడే వేసవికి పొద నిండా మొగ్గ పడుతుంది. వేప తనంతట తాను చేసుకునే విడుపును మల్లెకు మనిషి చేయిస్తున్నాడు. అలా చేయని కుండీలో చైత్రం వచ్చినా పొద ఏపుగా ఆకు పెంచుకుంటుందే గాని పువ్వు అంతగా ఇవ్వదు.

భగవద్గీత పదవ అధ్యాయంలో శ్రీకృష్ణుడు ఋతువులలో తాను వసంతాన్నని చెబుతాడు కనుక, వసంతం కేవలం దైవదత్తమనీ మనిషి చేయవలసినది ఏమీ లేదనీ భక్తులు అనుకునే అవకాశం ఉంది. అదే గీత పద్దెనిమిదవ అధ్యాయం ఏ కర్మకైనా ఐదు కారణాలు చెప్పింది: ఆశ్రయమైన అధిష్ఠానం, చేసే కర్త, సాధనాలైన కరణాలు, పలురకాల చేష్టలు, ఐదవదిగా దైవం. దైవాన్ని చివర లెక్కించడం దాన్ని తక్కువ చేయడం కాదు. మిగిలిన నాలుగింటి బాధ్యతను దైవం మీదికి నెట్టరాదని చెప్పడం. అధిష్ఠానాన్ని శంకరులు శరీరంగా వ్యాఖ్యానించారు. ఆ శరీరానికి కూడా ఆధారమైన మన్ను లేనిచోట వేపకు వసంతం లేదు.

నగరంలో ఈ మొదటి కారణానికే లోపం జరుగుతున్నది. పంజాగుట్ట, అమీర్‌పేట వీధుల్లో చాలా చెట్ల మొదళ్లకు సిమెంటూ టైల్సూ ఆనుకుని ఉన్నాయి. అక్కడ పడ్డ వాన వేళ్లకు అందక రోడ్డు పాలవుతుంది, అక్టోబరులో నేలలో దాగవలసిన తేమ మార్చిలో కాండానికి చేరదు. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఢిల్లీలోని చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఆదేశించింది. ఆ నియమాన్ని ఇక్కడి అపార్టుమెంటు సంఘాలు ఆదేశం కోసం చూడకుండా స్వచ్ఛందంగా పాటించవచ్చు. ఉగాదినాడు పచ్చడిలోకి వేపపువ్వు కోసుకునే ప్రతి ఇల్లూ ఆ చెట్టు మొదట్లో మీటరు మేర మన్ను విడిచి, రాలిన ఆకును తగలబెట్టకుండా ఆ మన్ను మీదనే పరచాలి. కాలాన్నీ దైవాన్నీ మనం నడపలేము. మన్నును కాపాడటం మాత్రం మన చేతిలో పని, దాన్ని చేయడమే వసంతారాధన.