రెండు కోతల నడుమ

మడికొండ మెట్టుగుట్టమీది రామలింగేశ్వరాలయమునకు తెల్లవారుజామున మెట్లెక్కి పోవువారికి, ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచిన బండల స్తంభములు కనులకును, కాజీపేట జంక్షనువైపు సాగు రైళ్ల కూత చెవులకును ఏకకాలముననే తగులును; స్థావర జంగమములను జంటపదమునకు అర్థము చెప్పుటకు ఇంతకంటె అనువైన బడి మరియొకటి యుండదని నాకు తోచును. మా ఊరి చరిత్రయు అట్టిదే. ఎక్కడో రట్టిహళ్లిలో పుట్టిన కవి కాళోజీ ఇక్కడ పెరిగెను. ఇక్కడ పుట్టిన మరియొక కవి వానమామలై వరదాచార్యులు చెన్నూరు చేరి అక్కడ స్థిరపడెను.

నా మేనల్లుడొకడు ఇప్పుడు ఆస్ట్రేలియాకు దక్షిణముననున్న టాస్మేనియా ద్వీపమున పండ్లతోటలలో కూలిపని చేయుచున్నాడు. 18 మొదలు 30 ఏండ్ల వరకు వయసుగల భారతీయులకై ఆ దేశమువారు 2024లో ‘వర్క్ అండ్ హాలిడే’ వీసా నొకదానిని తెరచి, ఏటికి 1000 మందిని మాత్రమే లాటరీమీద ఎంచుచుండగా, వీని పేరు వచ్చినది. డిసెంబరు చివర చెర్రీపండ్ల కోత, వేసవి ముదిరిన పిదప ఆపిలు కోత. ఆ రెంటి నడుమ చేతిలో పనిలేని దినములలో వీపున సంచియు, సంచిలో డేరాయు మోసికొని, క్రేడిల్ పర్వతము మొదలు సెయింట్ క్లెయిర్ సరస్సు వరకు గల 65 కిలోమీటర్ల కొండదారి నడచి వచ్చెను. వచ్చి ఫోను చేసెను. “మామా, డేరా ఏసుకొని పండుకుంటె చుక్కలన్ని మీదనే పడ్డట్టుంటయి. ఇల్లు, బీరువా, మంచం ఏదీ అక్కర లేదనిపిస్తది. సన్న్యాసమంటె ఇదే గాదా?” అని వాడడిగిన ప్రశ్న పరిహాసముగా మొదలై పరిహాసముగా ముగియలేదు. వాని తల్లి, అనగా మా చెల్లెలు, ప్రక్కనుండి “ఇంత సదివి పండ్లు తెంపుడా!” అని నిట్టూర్చినది గాని, ఆమె దుఃఖము వేరు శాస్త్రమునకు సంబంధించినది.

పండ్లు కోయువానిని గూర్చి వ్రాయుచు కర్మఫలమను మాటతో చమత్కరించుట సులభము. ఆ సులభత్వముచేతనే దానిని విడిచిపెట్టుచున్నాను. వాడు ఫలాపేక్ష లేనివాడు కాడు, నిండిన పెట్టెల లెక్కను కూలి పుచ్చుకొనువాడు. ఆ లెక్కలో ఎంత తక్కువ కోసినను గంటకింతయని కనీసవేతనము దక్కితీరవలెనను నియమము ఆ దేశమున 2022 ఏప్రిలులో గాని అమలునకు రాలేదు.

సన్న్యాసమును గూర్చి మనవారు చెప్పినదేమి? యతి గ్రామమున ఒక రాత్రి, పట్టణమున ఐదు రాత్రులు మాత్రమే నిలువవచ్చునని స్మృతులు నిర్ణయించినవి. వానకాలమున మాత్రము చాతుర్మాస్యమని ఒకచోట నిలువుమన్నవి. బౌద్ధభిక్షువుల వర్షావాసమును ఇట్టిదే. దీనికి చెప్పు కారణము నాకు మిక్కిలి ప్రీతికరము: అప్పుడే మొలకెత్తిన పైరును, తడినేలపై ప్రాకు క్రిమికీటకములను త్రొక్కకుండుటకై సంచారి తన పాదములను తానే కట్టివేసికొనెను. అనగా సర్వమును త్యజించినవాని పంచాంగమును సైతము పంటయే వ్రాసినది. పైరు మొలచునప్పుడు యతి నడక మానును. పండు పండునప్పుడు మా మేనల్లుడు నడక మానును. ఇంతవరకు పోలిక కుదిరినది. వాడు నడచిన కొండదారికి వేసవిలో ముందుగా రుసుము చెల్లించి దినము నిర్ణయించుకొనవలెనట, ఉత్తరమునుండి దక్షిణమునకే నడువవలెను గాని ఎదురు నడువరాదట. సన్న్యాసికి రిజర్వేషను ఏమని నవ్వుకొంటిని గాని, ప్రదక్షిణమునకును ఒకే దిక్కు గదా యని సర్దుకొంటిని.

పోలిక చెడునది వేరొకచోట. యతి మాధూకరవృత్తిచే జీవించును: తేనెటీగ పూవు పూవునకు పోయినట్లు ఇల్లిల్లు తిరిగి ఇంత పట్టెడు స్వీకరించును. కదలువాడు నిలిచినవానికి ఋణపడియుండుట ఆ ధర్మములోని కీలకము. గృహస్థుడు లేనిచో సన్న్యాసి లేడు. నా మేనల్లుడన్ననో తన కూడు తాను సంపాదించుకొని, ఎవరి గడపముందును చేయి చాపక, ఎవరికిని ఋణము లేదని గర్వముతో నడచుచున్నాడు. ఆ గర్వము తప్పని నేననను; అది సన్న్యాసము కాదని మాత్రము అందును.

వాని వృత్తికి దగ్గరి బంధువు కావలెనన్న యతుల నడుమ వెదకుటకంటె శివశరణుల నడుమ వెదకుట మేలు. పాలకుర్తివాడని ప్రసిద్ధికెక్కిన సోమనాథుడు ద్విపదలో బసవపురాణము వ్రాసి ఏ భక్తుల చరిత్రలను తెలుగునకు తెచ్చెనో, ఆ వీరశైవులు గుడిలోని లింగమును స్థావరమనియు, తిరుగాడు శివయోగిని జంగమమనియు పిలిచిరి. పైపెచ్చు కాయకమను నియమమును పెట్టి, జంగమునికి సైతము ఒడలు వంచక తప్పదనిరి. పండ్రెండవ శతాబ్దమున కల్యాణనగరమున ఆయ్దక్కి మారయ్య యను శరణుడుండెను. నేలరాలిన బియ్యపుగింజల నేరి తెచ్చుటయే ఆయన కాయకము, దానివలననే ఆ పేరు. ఒకనాడాయన అలవాటుకంటె ఎక్కువ బియ్యము తేగా, భార్య లక్కమ్మ చూచి, ఇంత మనకెందుకు, పోయి అక్కడనే పోసి రమ్మని తిప్పి పంపెనని కథ. ఏరుకొని బ్రదుకువాని ఇంటిలో ఎక్కువ ఏరుట దోషమైనది! పెట్టెల లెక్కను కూలి యిచ్చు తోటలో లక్కమ్మకు పని దొరకదు.

మిగులు ఎందుకు? లక్కమ్మ ప్రశ్నను నేను వానికి వినిపించితిని. వాడు చాలసేపు పని సంగతియే చెప్పెను. చెర్రీని తొడిమెతోనే కోయవలెనట, వాన పడినచో పండు పగులునట; ఆపిలును లాగరాదు, పైకెత్తి మెలిపెట్టవలెను, లాగినచో కొమ్మయు నొచ్చును, పండును కమలును. మనవైపు సొన కారి మచ్చపడకుండ మామిడికాయను చిక్కముతో తొడిమె వదలి దింపుట చిన్ననాట చూచినవాడగుటచేత ఆ మెలకువ వానికి త్వరగా పట్టుపడినది. తుదకు, తన వరుసలో కోయువాడొకడు వనువాటు ద్వీపదేశమువాడని చెప్పెను.

ఇచట మన ప్రశ్న తన అసలు ముఖమును చూపినది. పసిఫిక్ ద్వీపములనుండి కోతకాలమునకు తొమ్మిది మాసములవరకు వచ్చు ఆ కూలీలు, తమ్ము రప్పించిన యజమానిని విడిచి తమంతట తాము మరియొక తోటకు పోజాలరు; సంపాదన ఇంటికి పోవును. ఒకే చెట్టు, ఒకే నిచ్చెన. ఒకని మిగులు కొండదారి యగుచున్నది, మరియొకని మిగులు ఇంటికప్పగుచున్నది. మనకిది క్రొత్త దృశ్యము కాదు. ఏటేట ఛత్తీస్‌గఢ్‌నుండి మిరపకాయ యేరుటకు ములుగు, భూపాలపల్లి చేలకు వచ్చువారు చేనిగట్టునే పరదాలు కట్టుకొని, చుక్కల క్రిందనే పండుకొందురు. 2020 ఏప్రిలులో, లాక్‌డౌన్ వేళ, ఆ చేలనుండి ఇల్లు చేరబోయి మూడు దినములు నడచిన 12 ఏండ్ల బాలిక ఇంటికి చేరువలోనే ప్రాణము విడిచినది. నడకయు, ఆరుబయటి నిద్రయు తమంతట తాము పావనములు కావు. ఆ పాప నడకను తలచుకొన్న పిదప వీపుసంచి వైరాగ్యమును పొగడుటకు నా కలము సాగలేదు.

అయినను మనజాతి ఇష్టపడి డేరాలు వేయనిది కాదు. మాఘమాసమున రెండేండ్లకొకసారి మేడారపు అడవిలో జంపన్నవాగు ఒడ్డున లక్షలాది జనము డేరాలు వేసి, కట్టెలపొయ్యి రాజేసి, బంగారమని పిలుచుకొను బెల్లమును నెత్తినెత్తుకొని నిలుచును. అక్కడికి పోవువానిని ఎక్కడికని ఎవరును అడుగరు. సమ్మక్కను చూడ పోవుచున్నాడని అందరకును తెలియును.

మొన్న మరల ఫోను వచ్చినది. కొండదారిలో తీసిన ఫొటోలను మేనల్లుడు ఆ వనువాటువానికి చూపెనట. అతడు సరస్సును, మంచును, డేరాను నెమ్మదిగా చూచి, ఆరు దినములు నడచి ఎవరిని చూడబోతివి అని అడిగెనట.

“నాకు జవాబు రాలె మామా. నువ్వైతె ఏం చెప్పేటోనివి? నువ్వు రోజు గుట్టెక్కుతవు గదా.”

రామలింగేశ్వరుని చూచుటకని చెప్పితిని. మధుమేహమునకు దినమొక గంట నడువుమని వైద్యుడనిన పిదపనే మెట్లెక్కుట మొదలిడితినని, అంతకుముందు పదేండ్లు శివరాత్రికి తప్ప అటు చూడలేదని మాత్రము వానికి చెప్పలేదు.