శోకము భక్తిలోపమా?

శ్రీహరిని నమ్మినవానికి మనోవ్యాధి యేల కలుగవలెను? కరోనా మహమ్మారి అనంతరము ఈ ప్రశ్న అనేక గృహములలో మౌనముగా మెదలుచున్నది.

2020 మార్చిలో దేవాలయములు సైతము మూతపడినవి. తిరుమలలో భక్తులకు దర్శనము జూన్ నెలలో గాని తిరిగి లభింపలేదు. మహమ్మారి తొలి సంవత్సరముననే ప్రపంచమందు ఆందోళన, కుంగుబాటు సుమారు 25 శాతము పెరిగినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించినది. అందును ఆప్తుల కడసారి చూపునకు నోచుకొననివారి వేదన వర్ణనాతీతము. "ఆ సమయమున నేను దగ్గర లేకపోతిని" అను తలపు వారిని నేటికిని దహించుచున్నది.

అట్టివారు అయోధ్యాకాండను స్మరింపవలెను. దశరథుని అంత్యకాలమున శ్రీరాముడు చెంత లేడు. అగ్నిసంస్కారము భరతుడు చేసెను. చిత్రకూటమున ఆ వార్త వినిన రాముడు మూర్ఛిల్లెను, విలపించెను. సుమంత్రుడు ఆయనను చేయి పట్టి మందాకినిలోనికి దింపెను. అచ్చట రాముడు తర్పణము విడిచి, ఇంగుదీ పిండిని రేగుపండ్లతో కలిపి తండ్రికి పిండప్రదానము చేసెను.

దూరమున ఉండుట దోషము కాదు. లభించిన దానితో, లభించిన వేళ చేసిన క్రియయు ధర్మమే. ధర్మమూర్తియే విలపించెనన్నచో శోకము భక్తిలోపమెట్లగును?

"భగవంతుడుండగా వైద్యుడేల?" అని కొందరందురు. జ్వరము వచ్చినప్పుడు ఔషధము సేవించుట భక్తికి విరుద్ధమని ఎవ్వరును తలంపరు. మనస్సునకును అదే న్యాయము. శరణాగతి అంగములలో కార్పణ్యము ఒకటి. అనగా తన అశక్తతను ఒప్పుకొనుట. "ఈ భారము నాకు మోయరానిది" అని చెప్పుకొనుటకు వెరవనివాడు ఆ మార్గమునకు దూరుడు కాడు.

వారముల తరబడి నిద్రాహారములు లేక, పూజయందు సైతము ఆసక్తి నశించి, జీవితము వ్యర్థమను తలపు కలిగినచో ఓదార్పు మాత్రమే చాలదు, వైద్యుని ఆశ్రయింపవలెను. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి, తెలుగులోనే ఉచితముగా తమ బాధ చెప్పుకొనవచ్చును.

ఇక ఇంటివారి ధర్మమేమి? "దేవుని తలచుకొనుము, అంతయు తగ్గును" అని పలికి తప్పుకొనుట కాదు. చెంత కూర్చుండి వినవలెను, వైద్యుని వద్దకు తోడుగా పోవలెను. సుమంత్రుడు చేయి అందించిన తరువాతనే రాముని తర్పణము సాగినది. ఆర్తుడైన భక్తునకు చేయూతనిచ్చుటయు భాగవత కైంకర్యమే.